జాడీ మూతకు ఎక్స్‌రే

పాత జాడీల పింగాణీ పూతలో ఏ స్ఫటికాలున్నాయో ఎక్స్‌రేతో చూసే చదువు మా అమ్మాయి మేరీది. పోయిన ఏడాది తను చనిపోయాక ఆ పని స్నేహితురాలు రాణి చేస్తోంది. మా అత్తగారి అత్తగారి నాటి ఆవకాయ జాడీ మూత అడిగి పట్టుకెళ్ళింది. ఈ రోజు నర్సీపట్నం వచ్చి ఎక్స్‌రే కాగితం ఇచ్చింది. ఎముకల ఎక్స్‌రేలాగా కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. అన్నీ కొండల్లాంటి గీతలే!

"ఈ కొండలేటే?"

"స్ఫటికాల గుర్తులు ఆంటీ. ఇది మాత్రం ఉప్పు. మూత కడక్కుండా ఇచ్చేసారేటి?"

"మేరీ పెట్టిన ఆవకాయే అది. కడగబుద్ధి కాలేదు."

"ఇప్పుడైనా కడిగి ఇవ్వండాంటీ."

"కడగనమ్మా. నీకు ఇంకో మూత ఎతికి ఇస్తాన్లే."

ఆవకాయలో ఉప్పు ఎక్కువేస్తున్నావంటే మేరీ ఏనాడూ ఒప్పుకోలేదు. ఈ రోజు తన మిషనే ఒప్పుకుంది. మీరైతే ఆ మూత కడిగేవారా?