ఊరికే తలూపకప్పా

మొన్న మనవరాలికి కొత్త బూట్లు కొన్నాం. అట్టపెట్టె మూత తియ్యగానే జిగురు వాసన గుప్పున కొట్టింది. పైడిరాజు గుర్తొచ్చాడు. అతని గదిలో ఎప్పుడూ ఆ వాసనే. మనిషి పోయి రెండేళ్లయింది. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే ఈ మనవరాలే రాస్తోంది.

పైడిరాజు ఆటోనగర్‌లో ఓ వర్క్‌షాపులో డ్రాయింగులు గీసేవాడు. గాజువాకలో మా వాటా పైనున్న గదిలో అద్దెకుండేవాడు. నేను వంట చేసిపెట్టేదాన్ని. నన్ను అప్పా అనేవాడు, అంటే అక్కా అని. పెళ్లి లేదు, ఆటల పిచ్చి మాత్రం ఉంది. బల్ల మీద పరుచుకుని ఆడే ఆట ఒకటి, అట్టలు కోసి జిగురుతో అంటించి తయారుచేశాడు: హార్బరు, ఓడలు, క్రేన్లు, ఓడ ఆగే బెర్తు కోసం కొట్లాట. దాన్ని ఫోన్లో చూసి ముక్కూ మొహం తెలియనివాళ్లు ముందే డబ్బు పంపారు. క్రౌడ్‌ఫండింగ్ అంటారట. అపార్ట్‌మెంటు లేవకముందే ఫ్లాటు కొన్నట్టు. ఇక పెట్టెలు పంపాలి. పెట్టెతో పాటు పైడిరాజు వెళ్లలేడు కదా, వాళ్లు లోపలున్న కాగితం చూసే ఆట నేర్చుకోవాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. స్నేహితులు కాగితం చూసి, "సూపర్ బావా" అని తలలూపి పెట్టె పట్టుకెళ్లేవారు. గంటలో ఫోను: "బావా, ముందు ఏటి సెయ్యాలి?"

దాంతో మాటలన్నీ తీసేసి బొమ్మలు గీశాడు. నేను పప్పు దించుతుంటే కాగితం ముందు పెట్టాడు.

"అర్థమయిందా అప్పా?"

తలూపాను.

"అయితే ఓడెక్కడ పెట్టాలి?"

పప్పు గిన్నె వైపు చూశాను.

"మరెందుకు ఊపినావు?"

"సదువు లేనిదాన్ని తమ్ముడూ. అడిగితే నవ్వుతారు."

అలా ఊపే ఓసారి మునిగాను. పోర్టులో లోడింగు చేసే మా ఆయన పోయినప్పుడు, కాంట్రాక్టరు మనిషి కాగితాలు చూపించి ఏదో చెప్పాడు. తలూపి వేలిముద్ర వేశాను. కాంట్రాక్టరు మాకిచ్చిన గది ఖాళీ చేస్తానని అందులో ఒప్పుకున్నానట. గిన్నెలు రోడ్డు మీద పెట్టాక తెలిసింది.

ఇది విని పైడిరాజు బొమ్మల కాగితం వెనక్కి లాక్కున్నాడు. "నీకు తెలీపోతే తప్పు నీది కాదు, కాయితానిది. ఊరికే తలూపకప్పా. కాయితాన్ని తిట్టు" అన్నాడు.

తిట్టడం నాకు కొత్తా? "ఈ బాణమేటి, బల్లిలాగుంది? ఇది క్రేనా, కొంగా?" రోజూ తిట్టేదాన్ని, రోజూ మళ్లీ గీసేవాడు.

అచ్చుకి పంపాల్సిన రోజు రానే వచ్చింది. పక్కింటి రవణమ్మనీ నన్నూ కూర్చోబెట్టాడు. మేం ఆడుతుంటే అతను నోరు విప్పకూడదు, ఆటలు తయారుచేసేవాళ్లలో అదే పద్ధతట. ఆగలేనని తెలిసి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. రవణమ్మ ఓడని నేల మీద పెట్టబోతే ఊఁ ఊఁ అని మూలిగాడు.

"ఏటే, ఈ బాబుకి పన్నొప్పా? లవంగమెట్టు" అంది రవణమ్మ.

"నువ్వు ముందు బొమ్మ సూడవే! నీలంగా ఉన్నది నీళ్లు!"

ఓడ నీళ్లలో పడింది. తర్వాత బెర్తు దగ్గర జుట్లు పట్టుకునేదాకా వెళ్లి, చివరికి రవణమ్మే గెలిచింది. పైడిరాజు తువ్వాలు తీసి దానితోనే కళ్లు తుడుచుకున్నాడు.

"అచ్చుకి పంపేనా అప్పా? ఒప్పుకుంటే ముద్దరెయ్యి."

"ఇందులో ఏటుందో సెప్పు ముందు."

"నువ్వే సెప్పు."

మొదటి బొమ్మ నుంచి చివరిదాకా వేలు పెట్టి చెప్పాను. ఒక్కటీ తప్పలేదు. తెలిసి వేలిముద్ర వేసిన మొదటి కాగితం అది. ఆ ముద్రని చివరి పేజీలో అలాగే అచ్చేశాడు. ఎవరెవరి ఇళ్లలోనో నా బొటనవేలు ఉంది.

పోయిన నెల బ్యాంకులో కుర్రాడు "ఇక్కడెయ్యమ్మా" అన్నాడు. వేలు వెనక్కి దాచుకుని, "అర్థం కాలేదు, మళ్లీ సెప్పు" అన్నాను. రెండోసారి చెప్పాడు. వెనక వరసంతా గొణిగింది. మూడోసారి చెప్పబోతూ వాడే ఆగి, "అయ్యో, ఇది మీది కాదమ్మా" అని వేరే కాగితం తీశాడు.

"దాన్లో ఏటుందో సెప్పు" అన్నాను. వరస మళ్లీ గొణగడం మొదలెట్టింది. చేతిలో తువ్వాలు లేకపోయింది గానీ, ఉంటే ఒక్కొక్కరి నోట్లోనూ కుక్కేదాన్ని.