మెడ వంచితే జెర్రి పాకినట్టు

నర్సులకి మళ్ళీ చదువేమిటని ఆ రోజుల్లో అందరికంటే ఎక్కువ సణిగింది నేనే. ఎనభైల మొదట్లో అరకులోయలో ఓ చిన్న ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో నర్సులకి రెండు వారాల శిక్షణ అని కాగితం వచ్చింది. మా ముగ్గురిలో ఒకామె నిండు చూలాలు. రెండో ఆమెకి సరిగ్గా అప్పుడే అత్తగారికి ఒంట్లో బాగాలేకుండా పోయింది. ఇక మిగిలింది నేను. మలేరియా జ్వరాలు, కాన్పులు, ఎలుగుబంటి గీరిన గాయాలు చూసుకునేదానికి పట్నంవాళ్ళు కొత్తగా నేర్పేదేముంటుందని గొణుక్కుంటూనే పెట్టె సర్దుకున్నాను.

వెళ్ళాలని లేకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. ఆ చలికాలమంతా నా మనసుని పట్టుకుని వదలని మనిషి ఒకామె ఉండేది. మాకు ఎగువన కొండ మీది ఊరు ఆమెది. మొగుడు రైలు పట్టాల మీద గాంగుమన్. ఆమెకి పాతికేళ్ళు కూడా ఉండవు, అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న కూతురు. మొదట ఒక కన్ను మసకబారిందని వచ్చింది. కొన్నాళ్ళకి ఆ మసక దానంతటదే పోయింది. తరవాత కాళ్ళు మొద్దుబారాయి. కుండ ఎత్తుదామని మెడ వంచితే వెన్నులో జెర్రి పాకినట్టు ఉంటుందనేది. మా డాక్టరుగారు బలహీనత అని బి-కాంప్లెక్సు సూదులు రాశారు. నేను పొడిచాను. ఏమీ మారలేదు.

ఆ ఊళ్ళలో చలికాలం వస్తే ఇంట్లో పొయ్యి ఆరదు. పనయ్యాక అందరూ దాని చుట్టూ చేరి కాళ్ళు కాచుకుంటారు. ఒక సాయంత్రం ఆమె అలాగే కూర్చుని కూతురికి అంబలి తాగిస్తోంది. పాదం నిప్పుల్లోకి జారింది. చర్మం కాలిన వాసనకి అత్త ఉలిక్కిపడి ఆ కాలు ఇవతలకి లాగింది గాని, ఆమెకి మాత్రం తెలియనే లేదు. కాలినా నొప్పి తెలియని పాదం అంటే ఏమిటో ఆ కొండల్లో పసిపిల్లలు కూడా చెబుతారు. కుష్టు అన్న మాట నోటితో అనరు, పెద్దరోగం అంటారు. రెండోనాడే ఆమెకి చేను చివర ఒక పాక వేశారు. పిల్లని అత్త ఉంచేసుకుంది. మొగుడు పాక గుమ్మం దగ్గర కూడు పెట్టి, కాస్త దూరంగా కూర్చుని, ఆమె తిన్నాక లేచి వచ్చేవాడు.

కుష్టు ఇన్‌స్పెక్టరు వచ్చి ఒళ్ళంతా మచ్చల కోసం వెతికాడు. ఒక్కటీ లేదు. ఇప్పుడే ఏమీ చెప్పలేం, మళ్ళీ వచ్చి చూస్తానని వెళ్ళిపోయాడు. చెప్పలేం అంటే ఊళ్ళో అందరూ అవుననే అనుకున్నారు.

కాలిన పాదానికి కట్టు మార్చడానికి నేనే వెళ్ళేదాన్ని. ఆ పుండు మానుతుందా అని ఆమె ఒక్కసారీ అడగలేదు. "నా గుంట ఏటి తింటంది నర్సమ్మా, ఎవరి కాడ తొంగుంటంది" అని కూతురి గురించే అడిగేది. నేను తిరుగుదారిలో వాళ్ళింటికి వెళ్ళి చూసి, మర్నాడు వచ్చి చెప్పేదాన్ని. సూదీ మందూ వదిలేసి నాకు ఈ కబుర్లు మోసే ఉద్యోగమేమిటని ఒళ్ళు మండింది. ఒకనాడు ఆ అత్తని కడిగేద్దామని కొంగు దోపుకుని మరీ వెళ్ళాను. బిడ్డ మీద తల్లికి లేని హక్కు నీకెక్కడిదని గట్టిగానే అడిగాను. ఆవిడ పిల్లని గుండెకి అదుముకుని అంతా విన్నది. తరవాత తన చిన్ననాటి సంగతి చెప్పింది. వాళ్ళ అప్పకి, అంటే పెద్దక్కకి, పెద్దరోగమని ఎవరికీ తెలియకముందు, ఆ అప్పే వీళ్ళందరినీ ఎత్తుకుని పెంచిందట. ఈవిడకి ఏమీ కాలేదు. తమ్ముడికి వేళ్ళు పోయాయి. దెబ్బలాటకి వెళ్ళినదాన్ని దోపిన కొంగు దించుకుని తిరిగి వచ్చాను.

ఆ స్థితిలో శిక్షణకి వెళ్ళాను. మొదటి వారమంతా నాకు తెలిసినవే చెప్పారు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నరాల డాక్టరుగారు వచ్చి మల్టిపుల్ స్క్లిరోసిస్ అని బోర్డు మీద రాశారు. ఇది ఎక్కువగా చలిదేశాల తెల్లవాళ్ళకి వచ్చే జబ్బు, మీకు బహుశా ఎప్పుడూ తగలదు, అయినా నర్సన్నాక తెలిసి ఉండాలన్నారు. భోజనాల తరవాత క్లాసు. పక్కనున్న అనకాపల్లి నర్సు అప్పటికే నా భుజం మీద కునుకు తీస్తోంది. తెల్లవాళ్ళ జబ్బు తెల్లవాళ్ళే చూసుకుంటారులే అని నేనూ ఆవలించబోయాను. ఆయన మెల్లగా ఒక్కొక్కటే చెప్పుకుపోతున్నారు. కన్ను మసకబారి మళ్ళీ బాగవుతుంది. కాళ్ళు మొద్దుబారతాయి. వేడి తగిలితే అన్నీ ఎక్కువవుతాయి. కొందరికి మెడ వంచినప్పుడు వెన్నులో కరెంటు పాకినట్టు ఉంటుంది.

నేను లేచి నిలబడ్డాను. ఆనుకున్న భుజం తప్పుకోవడంతో అనకాపల్లి ఆవిడ తూలి పడబోయింది.

"కరెంటు లేని ఊళ్ళో అయితే జెర్రి పాకినట్టు ఉంటుందండీ?" అని అడిగాను.

క్లాసంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. చేతిలో సుద్దముక్క పెట్టేసి, ఎవరామె, ఎప్పటినుంచి అని అడిగారు. నాకు తెలిసిందంతా చెప్పాను. కాళ్ళు తిమ్మిరని అత్త వేడి ఇసక మూటతో కాపడం పెట్టిన ప్రతిసారీ ఆమె నిలబడలేకపోయేది. వాగు నీళ్ళు పోసుకున్నాక నయంగా ఉందనేది. ఆ చలిలో వాగు స్నానమేమిటని అందరం తిట్టేవాళ్ళం. చూడకుండా తేల్చలేను, ఒకసారి తీసుకురమ్మన్నారాయన. ఆ తరవాత నేను ఒక్క క్లాసులోనూ ఆవలించలేదు. అలసట రాకుండా పని ఎలా పంచుకోవాలో, స్పర్శ లేని పాదాలని రోజూ కంటితో ఎలా చూసుకోవాలో, మూత్రం ఆగిపోతే ఏం చెయ్యాలో అడిగి అడిగి, మాకు పాఠాలు చెప్పే సిస్టర్ ట్యూటరుని విసిగించాను.

తిరిగొచ్చి, ఆమెనీ మొగుడినీ రైలెక్కించాను. కుష్టువాళ్ళ కాలనీలో వదిలేసి రావడానికే తీసుకెళుతున్నానని ఊళ్ళో చెప్పుకున్నారు. మొగుడు కూడా అదే అనుకున్నాడని, ఆమె బట్టలన్నీ మూటకట్టి తేవడం చూస్తే అర్థమైంది. కొండ దిగేసరికి ఎండ మొదలైంది. విశాఖపట్నం ప్లాట్‌ఫారం మీద ఆమె కాళ్ళు ముడుచుకుపోయాయి, నాలుగడుగులు వెయ్యలేకపోయింది. అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టే జరుగుతోందని నాకు లోలోపల ఎంత సంతోషమో. పైకి చూపిస్తే అతను నన్ను కొట్టేవాడు.

చర్మం డాక్టర్లు చూశారు, నరాలు తడిమారు, కుష్టు కాదన్నారు. నరాల డాక్టరుగారు కళ్ళలోకి లైటు వేసి చూశారు, వెన్నులో నీరు తీయించారు. అన్నీ అయ్యాక ఆమె మంచం పక్కనే కుర్చీ వేసుకుని, తన అనుమానం నిజమేనని చెప్పారు. వస్తూ పోతూ ఉంటుంది, పూర్తిగా పోయే మందు లేదు, వచ్చినప్పుడు తగ్గించడానికి మందిస్తాం, ఒకనాటికి కర్ర పట్టుకోవలసి రావచ్చు అన్నారు. ఇంత చెడ్డ కబురు అంత మెత్తగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు. ఆమె ఓపిగ్గా విని, ఆయన్ని కాకుండా నన్ను అడిగింది.

"ఇది గుంటకి అంటుకుంటాదా?"

"అంటుకోదు."

"ఎత్తుకోవచ్చా మరి?"

ఎత్తుకోవచ్చని డాక్టరుగారే అన్నారు. ఆమె దుప్పటి ముఖం మీదకి లాక్కుని నవ్వింది. మొగుడు వెళ్ళి ఆ మంచం మీదే, ఆమె కాళ్ళని ఆనుకుని కూర్చున్నాడు. నయం కాని జబ్బని తేలినందుకు మనుషులు అంత తేలికపడడం నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. వరండాలోకి వచ్చి హాయిగా ఏడ్చాను.

తగ్గించే మందుల కోర్సు పూర్తయ్యాక ఊరికి తీసుకొచ్చాను. అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను చెప్పిందంతా మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చెప్పించుకుంది.

"ఒట్టేసి సెప్పు నర్సమ్మా. నీ పిల్లల మీద ఒట్టేసి సెప్పు" అంది.

మామూలుగా ఒట్లంటే నాకు ఒళ్ళు మంట. ఆ రోజు మాత్రం నా ఇద్దరు పిల్లల మీదా ఒట్టేశాను. ఆవిడ కోడల్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పొయ్యికి దూరంగా, గోడవార చల్లని చోట చాప వేసి కూర్చోబెట్టింది. చేతులకి పట్టు తప్పినా పిల్ల జారకుండా అటూ ఇటూ రెండు మూటలు ఆనించింది. అప్పుడు పిల్లని తెచ్చి ఒళ్ళో పెట్టింది.

ఆ పిల్ల తల్లి ముఖం కాసేపు చూసి, ఎవరో కొత్త మనిషని గుక్కపట్టి ఏడ్చింది. నానమ్మ వైపు చేతులు చాచింది. అలవాటుగా ఆవిడ చేతులు ముందుకొచ్చాయి.

"ఏడవనీ అత్తా" అంది ఆమె, పిల్లని రెండు చేతులా పొదువుకుని. "నా వొల్లోనే గదా ఏడుత్తంది."

అత్త చేతులు వెనక్కి తీసుకుంది.