నేను తీసిన బ్యాటరీ

ఒమన్‌లోని సూర్‌లో మేం అద్దెకున్న ఇంటి నడవాలో, గోడ మీద తెల్లటి చిన్న పెట్టె ఒకటి ఉండేది. మా ఆయన గ్యాస్ ప్లాంట్‌లో ఇంజినీరు. అక్కడ పనిచేసి తన దేశం వెళ్ళిపోతున్న ఒకాయన ఇచ్చిన అలారం అది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లో పోగుపడితే అరుస్తుంది.

"ఆ గ్యాస్‌కి రంగుండదు, వాసనుండదు. ఇది అరిస్తేనే మనకి తెలిసేది. వారానికోసారి ఈ బటన్ నొక్కి చూస్తూ ఉండు," అని మా ఆయన ఆ పని నాకు అప్పగించారు. రెండు వారాలు నొక్కాను. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాను.

కొన్ని నెలలకి అది ఉండుండి కిచ్‌మని కూయడం మొదలుపెట్టింది. బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం. మధ్యాహ్నం నిద్ర చెడుతోందని చిరాకేసి, స్టూలెక్కి బ్యాటరీ లాగేశాను. కింద స్టూలు పట్టుకున్నది మా ఇంట్లో పనిచేసే కడప ఆవిడ. నాకంటే పదేళ్ళు పెద్దది. అయినా నేను ఆవిడని "నువ్వు" అనేదాన్ని, ఆవిడ నన్ను "అమ్మా" అనేది.

"కొత్తది ఎయ్యరామ్మా?"

"సాయంత్రం తెస్తాలే," అన్నాను. తేలేదు.

ఆ జూన్‌లో తుఫాను వచ్చింది. కరెంటు పోయింది. మా ఆయన ఎక్కడినుంచో ఒక జనరేటర్ అద్దెకు తెచ్చి, ఇంటికి దూరంగా గేటు పక్కన పెట్టారు. "ఇక్కణ్ణించి కదపొద్దు," అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున జల్లు పడింది. తడిస్తే పాడైపోతుందని నాకు భయం. పైగా ఆ మోత భరించలేకపోయాను. దాన్ని ఆపి, నేనూ ఆవిడా కలిసి వెనక వైపుకి ఈడ్చుకెళ్ళి, వంటింటి కిటికీ పక్కన రేకుల కింద పెట్టి మళ్ళీ నడిపించాం. ఏసీ చల్లదనం పోకూడదని కిటికీలన్నీ మూసేశాను. వంటింటి గోడలో పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం ఒకటి తెరిచే ఉంది. అది గుర్తే లేదు.

పదకొండు గంటలప్పుడు ఆవిడ కణతలు నొక్కుకుంటూ వచ్చింది. "అమ్మా, తల పగిలిపోతాంది. కడుపులో తిప్పుతాంది."

"వాకిట్లో బురద ఊడ్చేటప్పుడు బాగానే ఉన్నావుగా?"

"బయట బాగుంటాదమ్మా. లోపలికొస్తే మళ్ళా పట్టుకుంటాంది."

"బాగుందే! అంట్ల దగ్గరికి రాగానే వచ్చే తలనొప్పా?" అన్నాను. ఆ మాట ఈరోజుకీ నా చెవిలోనే ఉంది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గంట తర్వాత, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి తలనొప్పంది. దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, అమృతాంజనం రాసి, తుఫాను గాలి పడలేదేమో అని బెంగపడ్డాను. నాకూ తల దిమ్ముగానే ఉంది. ముగ్గురికీ ఒకేసారి ఎందుకొచ్చిందన్న ఆలోచన మాత్రం రాలేదు.

మధ్యాహ్నం రెండింటికి మా ఆయన భోజనానికి వచ్చారు. గేటు పక్కన జనరేటర్ కనబడక, మోత ఎక్కడినుంచి వస్తోందో విని, వెనక్కి పరిగెత్తి ఆపేశారు. "బయటికి రండి! అందరూ బయటికి!" అని అరిచారు. నేను పిల్లని ఎత్తుకుని వాకిట్లోకి వచ్చేశాను. ఆవిడ మాత్రం రాలేదు. సింకు కింద నేల మీద పడి ఉంది. పైన కొళాయి కారుతూనే ఉంది. మా ఆయన ఆవిడని చేతుల మీద మోసుకొచ్చి కారులో పడుకోబెట్టారు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి కళ్ళు తెరిచింది. మా అమ్మాయి అప్పటికే తేరుకుంది. మలయాళీ డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పొచ్చి, బయటికెళ్తే తగ్గుతోందంటే ముందు అనుమానించాల్సింది ఈ గ్యాస్‌నే. ఆవిడ మీకేమీ చెప్పలేదా?" అని అడిగింది.

"లేదండీ," అన్నాను.

మర్నాడు ఆవిడని ఇంటికి తీసుకొచ్చాం. మా ఆయన అలారం విప్పి చూశారు. లోపల ఖాళీ. "బ్యాటరీ ఎవరు తీశారు?"

నేను నోరు తెరిచేలోపే వంటింటి గుమ్మంలోంచి ఆవిడ అంది: "నేనే సార్. కూత పడలేక తీసినా."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నేను అమ్మాయికి జడ వేస్తూ తల వంచుకుని ఉండిపోయాను. మా ఆయన కోప్పడలేదు. ఆవిడని అలారం కింద నిలబెట్టి ఓపిగ్గా చెప్పారు: కూస్తే కొత్త బ్యాటరీ వెయ్యాలనీ, బటన్ ఎలా నొక్కాలో, జనరేటర్ గానీ బొగ్గుల కుంపటి గానీ ఇంటి దగ్గర ఎందుకు పెట్టకూడదో. నాకు చెప్పాల్సిన పాఠమంతా ఆవిడ చేతులు కట్టుకుని విని, "అట్నే సార్," అంది. ఇంకా నీరసంగానే ఉంది. గోడకి ఆనుకుని నిలబడింది.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు మా ఆయనకి అంతా చెప్పేశాను, డాక్టరమ్మకి చెప్పిన అబద్ధంతో సహా. "నాతో కాదు, ముందు ఆవిడతో మాట్లాడు," అన్నారు.

ఆవిడ వెనకవైపు అరుగు మీద బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చున్నాను. "ఎందుకు మీ మీద వేసుకున్నారు?" అన్నాను. "మీరు" అనడం అదే మొదటిసారి.

ఆవిడ చేట ఆపలేదు. నామీద జాలితోనో ప్రేమతోనో చేసిందని అంటుందనుకున్నాను. "నేను నిజం చెప్తే సార్ మిమ్మల్ని అంటాడు. ఆపైన నన్ను చూసినప్పుడల్లా మీకు సిగ్గయితాది. సిగ్గయితే నన్ను పంపిచ్చేస్తారు. ఇంటికాడ ఇద్దరు ఆడపిల్లలుండారమ్మా, సదువుకుంటాండారు," అంది.

తను చావబోయింది. అయినా నా సిగ్గు తన కూడు పోగొడుతుందేమోనని భయపడింది. నేను అలాంటిదాన్నేనని ఆవిడ లెక్క. అది తప్పని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

"పంపించను," అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. నమ్మినట్టు లేదు. లేచి బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళింది.