ట్రైలర్ మూతి కింద తూకం మిషను

ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు తెలివి ఎక్కువని గట్టి నమ్మకం ఉండేది. ఆ తెలివంతా అనుమానమేనని తెలియడానికి చాలా కాలం పట్టింది. ఒమాన్‌కు బయలుదేరేటప్పుడు మా వీధిలో వాళ్ళంతా వరసబెట్టి ఒకే మాట చెప్పి పంపారు, "యెవుర్నీ నమ్మాకు అబ్బీ" అని. చదువుకునే రోజుల్లో ఎవరు ఏం చెప్పినా తలకెక్కించుకోని నేను ఈ ఒక్క పాఠాన్ని మాత్రం కంఠతా పట్టాను. రూమ్‌లో ఎవరైనా టీ ఇస్తే వాళ్ళు ఒక గుక్క తాగేదాకా నేను తాగేవాణ్ణి కాదు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందా అని ఆ రోజంతా ఆలోచించేవాణ్ణి. (నాతో పనిపడేంత గొప్పతనం నాలో ఏముందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.)

మా కంపెనీ మస్కట్ శివార్లలో ఒక యార్డు. సెలవులకు సముద్రపు ఒడ్డుకో ఇసుక తిన్నెలకో పోయి గుడారం వేసుకునేవాళ్ళకు పడవలు, క్యాంపింగ్ ట్రైలర్లు అద్దెకిచ్చేవాళ్ళం. ట్రైలర్ అంటే రెండు చక్రాల మీద చిన్న గది. లోపల పరుపులు, పొయ్యి, గ్యాసు బండ, నీళ్ళ క్యాన్లు. దాన్ని కారుకు తగిలించి, అడిగినచోటికి లాక్కెళ్ళి దింపి, మళ్ళీ తెచ్చుకోవాలి. పడవలు లాగడానికి ఒక పికప్, ట్రైలర్లు లాగడానికి ఒక ఎస్‌యూవీ ఉండేవి. ఆ ఎస్‌యూవీ మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, మధ్యరకం. మా యజమానిని అందరూ అర్బాబ్ అనేవాళ్ళు. ఆయన నన్ను బండ్లు కడిగే పనికి తీసుకుని ఒక మాట అన్నాడు. "మూడు నెలలు చూస్తా. ట్రైలర్ లాగడం వస్తే డ్రైవర్‌వి. రాకపోతే ఇంటికి టికెట్." అప్పటికే లైసెన్సు చేతిలో ఉంది కాబట్టి, సగం డ్రైవర్ని అయిపోయాననుకున్నాను.

మిగతా సగానికి అడ్డం గడ్డం భాయ్. హైదరాబాద్ మనిషి, అరవై దగ్గర పడ్డవాడు. పాలలాంటి తెల్ల గడ్డం, అరిగిన చెప్పులు, మోకాళ్ళ నొప్పి. ఆ యార్డు పనివాళ్ళలో ట్రైలర్ లాగడం వచ్చినవాడు ఆయనొక్కడే. పని నేర్పవలసింది కూడా ఆయనే. మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, "జల్దీ నక్కో బేటా, తొందర వద్దు. ముందుగాల చూడు. చూసుడు వస్తే లాగుడు వస్తది" అన్నాడు. చూడమన్నాడే గానీ ఏం చూడాలో చెప్పలేదు. నాకు అక్కడే అనుమానం మొదలైంది. నేర్పడం ఇష్టం లేనివాడు చెప్పే మాటలాగే అనిపించింది నాకది.

ఆ అనుమానానికి అర్బాబ్ ఇంట్లో వంట చేసే అక్క నీళ్ళు పోసింది. ఆమెది మా కడప జిల్లానే. యార్డు వెనకే ఇల్లు కాబట్టి అప్పుడప్పుడు చద్ది రొట్టెలిచ్చే నెపంతో వచ్చి కబుర్లు చెప్పేది. "ఆ ముసిలాయన పోయిన నెల పొయ్యిమింద టీ గిన్నె పెట్టి మర్సిపోయినాడంట. గిన్నె మాడి బొగ్గయింది. అర్బాబ్ ఏమన్యాడో తెల్సునా? ఇంగ సాలు భాయ్, ఇంటికి పోయి మనవళ్ళతో ఆడుకోపో అన్యాడు. నువ్వు పని నేర్సుకుంటే ఆయప్ప సీటు నీకే. ఆయప్పకు ఆ మాత్రం తెలీదనుకున్యావా?" అంది. తెలియకేం. ఉన్నది ఒక్క సీటు. నేనెక్కితే ఆయన దిగాలి. ఇంకేం, నాకు లెక్క తేలిపోయింది.

అదే వారంలో క్యాన్ల సంగతి బయటపడింది. సాయంత్రం ట్రైలర్‌లో సామాను సర్దడం నా పని. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు పన్నెండు. వాటిని నేను ట్రైలర్ వెనక భాగంలో వరసగా పెట్టేవాణ్ణి. తెల్లారి చూస్తే పన్నెండూ ముందుకు, కారు తగిలించే మూతి వైపుకు వచ్చి ఉండేవి. గ్యాసు బండ కూడా. ట్రైలర్ తగిలించగానే కారు వెనక భాగం కాస్త కిందికి కూర్చునేది. నేను ఎద్దులబండి తోలిన ఇంటివాణ్ణి. బండిలో బరువు ముందుకు పడితే ఎద్దుల మెడ మీదికి వస్తుంది. బరువు ఎక్కించేటప్పుడు మా నాన్న వెనకనుంచి అరిచేవాడు, "మెడమింద మోపు పడనీయాకురా, నోరులేని జీవాలు" అని. కారు కూడా నా దృష్టిలో నోరులేని జీవమే. దాని మెడ మీద ఎవరో పనిగట్టుకుని బరువు మోపుతున్నారు. ఎందుకు? కారు స్ప్రింగులు విరగాలి, సర్దింది ఎవర్రా అని అర్బాబ్ అడగాలి, నా పేరు బయటికి రావాలి. కుట్ర అంతా అరచేతిలో పెట్టినట్టు కనబడింది.

అంతకంటే వింత ఇంకొకటుంది. ఒక తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించుకుని వచ్చిన భాయ్ చంకలో తువ్వాలు చుట్టిన పలకలాంటిదేదో పెట్టుకుని ట్రైలర్ల వెనక్కి వెళ్ళడం చూశాను. చాటునుంచి తొంగి చూస్తే, అది మనుషులు ఎక్కి బరువు చూసుకునే తూకం మిషను. దాన్ని ట్రైలర్ మూతి కింద పెట్టి, వంగి, కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి, అంకె చదివి తల ఊపాడు. అక్కకు చెప్పాను. "యా మనిసైనా పొద్దన్నే ట్రైలర్‌ను తూకమేస్తాడా? అందులో ఏందో దాస్తాండాడు. ఎంత దాసినాడో సూసుకుంటాండాడు" అని ఆమె తీర్పు చెప్పేసింది. ఆ మిషను మత్రా సూక్ బజారులో కొన్నదని కూడా కనుక్కొచ్చింది. మత్రాలో కొన్నదైతే ఏమిటి అని నేను అడగలేదు. ఆ క్షణంలో మా ఇద్దరికీ మత్రా కూడా అనుమానాస్పదమైన ఊరే.

సాక్ష్యం కావాలి కదా. అక్క దగ్గర దోసెడు మైదాపిండి తీసుకుని, సాయంత్రం సామాను సర్దాక ట్రైలర్ నేలంతా పలచగా చల్లాను. తెల్లారి తలుపు తీస్తే అడుగుజాడలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. అరిగిన మడమ చెప్పు, భాయ్‌దే. వాటి పక్కన పిల్లి అడుగులు. ఇంకో జత అడుగులు కూడా కనబడితే, రెండో మనిషి కూడా ఉన్నాడని తేల్చేశాను. కాసేపటికి అవి నా చెప్పులేనని తెలిసింది. (పిండి సరిగా పడిందా లేదా అని సాయంత్రం నేనే లోపలికెళ్ళి చూసొచ్చాను.) ఏదైతేనేం, దొంగ దొరికాడు. కానీ అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడని నా తెలివి.

నెలలు మూడూ నిండవచ్చాయి. సూర్ ఊరు దాటాక సముద్రపు ఒడ్డున క్యాంపు వేసుకునే ఒక కుటుంబానికి పడవా ట్రైలరూ రెండూ కావాలన్నారు. భాయ్ పికప్‌లో పడవతో ముందు పోవాలి, నేను ఎస్‌యూవీలో ట్రైలర్‌తో వెనక రావాలి, నా పక్కన అర్బాబ్ కూర్చుంటాడు. అదే పరీక్ష. ఆ పొద్దున కూడా క్యాన్లన్నీ ముందుకే వచ్చి ఉన్నాయి. భాయ్ అటు పడవకు తాళ్ళు బిగించుకుంటున్నాడు. ఈ ఒక్కరోజు నా ఆట సాగనీ అనుకుని, చెమటలు కక్కుతూ పన్నెండు క్యాన్లూ గ్యాసు బండా వెనక్కి మోసేశాను. కారు వెనక భాగం హాయిగా పైకి లేచింది. మెడ మీది బరువు దిగిన ఎద్దులాగే అనిపించింది నాకు. భాయ్ వచ్చి గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి తగిలించి, లాగి చూసి, "ఆరాం సే, బేటా. నిమ్మళంగ పో" అని భుజం తట్టి వెళ్ళాడు. ఆ తట్టడం కూడా నాకు అనుమానంగానే ఉండింది.

కురియాత్ వైపు కొండల్లోంచి రోడ్డు దిగేదాకా అంతా బాగానే ఉంది. అర్బాబ్ రేడియో కూడా పెట్టాడు. దిగుడులో వేగం కొంచెం పెరిగింది, పక్కనుంచి గాలి కొట్టింది. ఎవరో కారు నడుం పట్టుకుని అటొకసారి ఇటొకసారి విదిలించినట్టయింది. అద్దంలో చూస్తే ట్రైలర్ రోడ్డంతా తనదేనన్నట్టు ఊగుతోంది. ఎడమకు తిప్పితే అది కుడికి పోతోంది, కుడికి తిప్పితే ఎడమకు. అర్బాబ్ రేడియో ఆపి ప్రార్థన అందుకున్నాడు. ప్రాణం పోయే ఆ క్షణంలో కూడా నాకొచ్చిన మొదటి ఆలోచన ఏమిటంటే, "భాయ్ బోల్టు వదులు చేశాడు!" బ్రేకు తొక్కాలనుకున్నాను. భయంతో కాలు కట్టె అయిపోయి ఏ పెడలూ తొక్కలేకపోయాను. చేతులు కూడా స్టీరింగ్ మీదే బిగుసుకుపోయాయి. అలాంటప్పుడు చేయవలసింది సరిగ్గా అదేనట. బ్రేకు కొట్టకుండా, స్టీరింగ్ తిప్పకుండా, వేగాన్ని దానంతటది తగ్గనివ్వాలట. అలా తెలియకుండానే సరైన పని చేసి, ఊగుడు నెమ్మదించాక రోడ్డు పక్కన ఆపాను.

అద్దంలో చూసిన భాయ్ ముందెక్కడో పికప్ ఆపి, ఆ నొప్పి మోకాళ్ళతోనే పరుగులాంటి నడకతో వచ్చాడు. అర్బాబ్ ట్రైలర్ తలుపు తీశాడు. క్యాన్లన్నీ వెనక గోడకు ఆనుకుని కుప్పగా పడి ఉన్నాయి. ఆయన క్యాన్లను చూసి, మూతిని చూసి, ఇద్దరివైపూ తిరిగాడు. "కౌన్ రఖా యే?" అన్నాడు, ఇలా పెట్టిందెవరని. మూతి మీద బరువు లేకపోతే ట్రైలర్ తోక ఊపుతుందని ఆ యార్డులో నాకు తప్ప అందరికీ తెలుసు. అర్బాబ్ ఆ ముక్కను నావైపు తిరిగి అరిచి మరీ చెప్పాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఆ తూకం మిషను, తెల్లవారుజాము తిరుగుళ్ళు, ముందుకు జరిగే క్యాన్లు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

భాయ్ నావైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. క్యాన్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. పెదవులు ఏవో లెక్కబెట్టుకుంటున్నట్టు కదిలాయి. తర్వాత మెల్లగా అన్నాడు. "మేరీ గల్తీ, అర్బాబ్. సుబహ్ మై సామ్నే రఖా సమ్ఝా... యాద్ నై."

తప్పు తనదేనట. పొద్దున ముందుకు మార్చాననే అనుకున్నాడట, కానీ గుర్తులేదట. నన్ను కాపాడడానికి ఆడిన అబద్ధం కాదది. ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. ఆయన నిజంగానే తన బుర్రను నమ్మలేకపోతున్నాడు. మాడిన టీ గిన్నె ఆయన కళ్ళ ముందు ఉంది. అర్బాబ్ చూపులో కోపం కంటే జాలి ఎక్కువుంది, ఆ జాలికి అర్థం ఇంటికి టికెట్టే. నేను నోరు మూసుకుంటే సీటు నాదే. మూడు నెలలుగా నేను కలగన్నది నా ముందుకొచ్చి నిలబడింది. ఒక్క నిమిషం, నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం కంటే ఎక్కువే, నేను నోరు మూసుకున్నాను. ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తర్వాత ఏ భాషలో చెప్పాలో తెలియక అన్నింట్లోనూ చెప్పాను. "భాయ్ నై, అర్బాబ్. అనా. మై. నేనే. భాయ్ ముందు పెట్టినాడు, నేను వెనక్కి తీసినా." ఎద్దుల మెడ సంగతి కూడా చెప్పబోయి, చేతులతో కొమ్ములు చూపించాను. అర్బాబ్ నా కొమ్ముల వంక చాలాసేపు చూశాడు. "డ్రైవర్ నై, ఇంతా మజ్నూన్" అన్నాడు. పిచ్చోడివి అని. నా చేతిలోంచి తాళం లాక్కుని భాయ్ చేతిలో పెట్టి, తాను పికప్ ఎక్కి పడవతో వెళ్ళిపోయాడు.

క్యాన్లన్నీ నేనే తిరిగి ముందుకు మోశాను. భాయ్ పికప్‌లోంచి దింపుకున్న తువ్వాలు విప్పి తూకం మిషను తీసి, మూతి కింద పెట్టి, అంకె చదివి, "సహీ. మా బీవీ బరువంత ఉండాలె. తక్కువుంటే తోక ఊపుతది, ఎక్కువుంటే కారు కూసుంటది" అన్నాడు. ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు ఎన్నడన్న అడిగినవా?" అన్నాడు. బయలుదేరాక స్టీరింగ్ భాయ్ పట్టాడు. తిట్లకోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"బేటా, సచ్ చెప్పు. పొద్దుగాల నేను మార్చిన గద?"

"మార్చినావు భాయ్."

"పన్నెండూ?"

"పన్నెండూ మార్చినావు. గ్యాసు బండ గూడా. నా కండ్లతో సూసినా."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. గడ్డం అదిరేలా, కళ్ళు తుడుచుకునేలా నవ్వాడు. "అల్హందులిల్లా! దిమాగ్ మంచిగనే ఉన్నది!" అని స్టీరింగ్ మీద చేత్తో కొట్టాడు. ఆ సంతోషంలో నన్ను తిట్టడం మరిచిపోయాడు. (ఆ ఒక్కటీ నిజంగానే మరిచిపోయాడు. తర్వాత కూడా గుర్తు రాలేదు.)

నన్ను ఇంటికి పంపలేదు. ఇంకో ఆరు నెలలు బండ్లు కడిగించారు, ఆ ఆరు నెలలూ భాయ్ పక్కన కూర్చుని అడిగి అడిగి నేర్చుకున్నాను. తర్వాత ఆయన తన ఇష్టంతోనే హైదరాబాద్ వెళ్ళిపోయాడు. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను, యార్డులో పెద్ద డ్రైవర్ని. మనుషుల మీద అనుమానం ఎప్పుడో పోయింది. కానీ ఈ మధ్య నా మీదే మొదలైంది. గొలుసు తగిలించానా, తాళం వేశానా అని సగం దూరం పోయి వెనక్కి వచ్చి చూస్తున్నాను. ప్రతిసారీ వేసే ఉంటుంది. నవ్వుకుని మళ్ళీ బయలుదేరతాను. పక్క సీటులో కూర్చుని "వేసినావులే, నా కండ్లతో సూసినా" అనే మనిషి ఒకడుంటే బాగుండుననిపిస్తుంది.