ఫొటోల పిన్ని

యూనివర్సిటీ వరండాలో, అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్న నలభైమంది ఫొటోలున్నాయి. రోజూ పొద్దున్నే స్టూలెక్కి, ఒక్కో అద్దం మీద నోటితో ఆవిరి ఊది, మెత్తటి గుడ్డతో తుడిచే అటెండరమ్మను పిల్లలంతా ఫొటోల పిన్ని అంటారు. ఆ నలభైమంది సంగతులూ ఆమెకు కొట్టిన పిండి. ఒకాయన గొడుగు మరిచిపోని రోజు లేదట. ఒకావిడ పాఠం చెబుతూ చెబుతూ సుద్దముక్క కొరికేసేదట. అడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది. అన్నీ నిజాలే. పరీక్షా ఫలితాలొచ్చిన రోజున మాత్రం పిన్ని నిక్షేపంగా అబద్ధాలాడుతుంది.

మొన్న అలాంటి రోజునే ఒక పిల్ల గోడకానుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పిన్ని గబగబా స్టూలు దిగి, కెమిస్ట్రీ ప్రొఫెసరు ఫొటో చూపించింది. "ఊరుకో తల్లీ! ఇంతటివాడూ కెమిస్ట్రీలోనే రెండుసార్లు తప్పాడు, తెలుసా?" వెనకాల ఎవరో దగ్గారు. చూస్తే ఆ ఫొటోలోని మనిషే. జుట్టు నెరిసింది, చేతికి కర్ర వచ్చింది, అంతే తేడా. పుట్టి బుద్ధెరిగాక ఏ పరీక్షా తప్పని మనిషి. పిన్ని చేతిలో గుడ్డ జారిపోయింది. "నిజమా సార్?" అంది పిల్ల, ముక్కు తుడుచుకుంటూ. ఆయన పిల్లనీ, పిన్నినీ మార్చి మార్చి చూశాడు. "రెండు కాదమ్మా, మూడు. నా పరువు పోతుందని ఈవిడ ఒకటి తగ్గించింది" అన్నాడు.

అప్పట్నుంచి పిన్ని కూడా మూడనే చెబుతోంది.