వియ్యాలవారింటికి కొత్త చక్రాలు

మా అమ్మాయిని పురిటికి తీసుకురావడానికి కొల్లేరు లంకలో ఉన్న వియ్యాలవారింటికి వెళ్ళాలి. ఏలూరు నుంచి దూరమేమీ కాదు గానీ, చివర్లో అంతా గట్టు దారి. రెండు పక్కలా చేపల చెరువులే. నేను ఆ దారి గురించి బెంగపడుతుంటే, మా ఆయన కారు కళ గురించి బెంగపడ్డారు. తుప్పు పట్టిన ఇనప చక్రాలతో వియ్యంకుడి గుమ్మంలో దిగడం ఆయనకు నామోషీ.

తాడేపల్లిగూడెంలో ఎవరో అమ్ముతుంటే అల్యూమినియం చక్రాలు తెచ్చారు. తీరా చూస్తే అవి వేరే కారువి. మా కారుకు చక్రం బిగించే హబ్ మీది బోల్టులకు, ఆ చక్రాల కన్నాలు కాస్త లోపలికి ఉన్నాయి. మార్చేయమంటే వినకుండా పెరట్లో పీట వేసుకుని, ఆకురాయితో ఆ కన్నాలను రాసి రాసి పెద్దవి చేశారు. ఆ తెల్లటి పొడి నేను ఎండబెట్టిన వడియాల మీద కూడా పడింది.

"భలే మెత్తగా ఉందే. వెన్నలా వచ్చేస్తోంది" అని మురిసిపోయారాయన.

వెన్నలా వచ్చేది మమ్మల్నేం మోస్తుందని నాకు అప్పుడే ఒళ్ళు మండింది.

ప్రయాణం రోజు పొద్దున్న కొత్త చక్రాలకు పసుపు రాసి, ఒక్కోదానికి సరిగ్గా నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టాను. టైర్ల కింద నిమ్మకాయలు ఉంచి, హారతి పళ్ళెంతో పక్కన నిలబడ్డాను. ఆయన కారును మెల్లగా కదిలించారు. నిమ్మకాయలు చితికాయి. వెనక చక్రం మీది బొట్టు ఉన్నచోటే తిరుగుతోంది. ముందు చక్రం మీది బొట్టు మాత్రం పైకీ కిందికీ పోతూ సున్నా చుడుతోంది.

"ఏవండీ, ఆపండి."

"మళ్ళీ ఏమైందే?"

"ఆ బొట్టు చూడండి. చక్రం తిన్నగా కూర్చోలేదండీ."

"నువ్వే పక్కకి పెట్టుంటావు."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ ఇంటి గడపలకు బొట్లు పెడుతున్న దాన్ని. పళ్ళెం తీసుకెళ్ళి బానెట్ మీద పెట్టేశాను.

"నేను ఎక్కనండి. నా కూతుర్నీ ఎక్కనివ్వను."

ఆయన గొణుక్కుంటూ జాకీ పెట్టి చక్రం ఊడదీశారు. రాసిన కన్నం పక్కన వెంట్రుకంత పగులు. ఎండకు తిప్పి చూశారు, గోటితో గీరి చూశారు. వెళ్ళి పాత చక్రాలు దొర్లించుకొచ్చారు.

వియ్యంకుడు చక్రాల వంక చూడనే లేదు. "రండి బావగారూ, ఎండనపడి వచ్చారు" అంటూ కాళ్ళకు నీళ్ళిచ్చి, చేపల పులుసుతో భోజనం పెట్టించారు.

తిరుగు ప్రయాణంలో గట్టు మీద చేపల లారీ ఎదురైంది. ఆయన కారును అంచుకు తీశారు. మా పక్క చక్రం కింద మట్టి పెళ్ళ విరిగి చెరువులో పడిన చప్పుడు వినిపించింది. అమ్మాయి నా భుజం మీద నిద్రపోతోంది. దాని పొట్ట మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. లారీ దాటిపోయింది. కారు మళ్ళీ దారి మధ్యకు వచ్చింది. లోపలి బిడ్డ నా అరచేతిని ఒక్క తన్ను తన్నింది. అమ్మయ్య అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

ఆయన అద్దంలోంచి నన్ను చూశారు.

"బొట్టు సరిగ్గానే పెట్టావే" అన్నారు.