పటేలు తాగిన పచ్చిపులుసు

మేడ్చల్‌లో శామీర్‌పేట బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయన బ్యాంకాక్‌లో వంటవాడు. సొంత హోటలట. మన పచ్చిపులుసులో అక్కడి నిమ్మగడ్డి వేసి వడ్డిస్తాడట. అమ్మకో ముచ్చట చెప్పడానికే వచ్చాడట.

"పెండ్లిల మాయమ్మ ముట్టిందని గంగాళం అన్నం పారబోయించిండు మా ఊరి పటేలు. మొన్న ప్లాట్లమ్మిన పైసలతోని బ్యాంకాక్ తిరగనొచ్చి, మా హోటల్లనే కూసున్నడు సార్. పచ్చిపులుసు మూడుసార్లు అడిగిండు. వండినోణ్ణి పిలువుమన్నడు."

"వెళ్లారా?"

"పోయి మాయమ్మ పేరు చెప్పిన. ఉరికిపోయి నోరు కడుక్కున్నడు. కడుపెట్ల కడుక్కుంటడు?"

అంటరానితనం మీద ఎన్నో సభల్లో వాదించాను. పగ వద్దని కూడా చెప్పాను. ఆ రోజు మాత్రం, ఆయన దిగేలోపు, పటేలు నోరు కడుక్కున్న సంగతి మళ్లీ చెప్పించుకున్నాను.